సోలంగ్ మంచుకు ఒక్క సీటు

మంచు చూడనివాళ్ల కోసం చెబుతున్నాను ఇదంతా. చూసినవాళ్లు కాస్త పక్కకు జరగండి. చూసినవాళ్లంటే నాకు మొదటినుంచీ పడదు.

నా పేరు రూతమ్మ. మచ్చబొల్లారంలో ఉంటాను. మా ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. శామీర్‌పేట దగ్గర విల్లాల్లో వంట చేసి బతుకుతున్నాను. చదువు సంతకం వరకే, అందుకే నోటితో చెప్పి రాయించాను. పోయిన జనవరిలో మనాలి దాటి సోలంగ్ అనే చోటికి వెళ్లి వచ్చాను. అక్కడ కాళ్లకు పొడుగాటి పలకలు బిగించుకుని మంచు మీద జారతారు. స్కీ అంటారు దాన్ని. పెద్ద ఇళ్లవాళ్లు ఆ ఆటకు వెళుతూ తమతో ఒక వంటమనిషిని తీసుకెళ్లారు. ఆ వంటమనిషిని నేనే. కానీ వెళ్లాల్సింది నేను కాదు. ముందు ఆ సంగతి చెప్పాలి. అది వినడానికి అంత బాగుండదు.

కౌకూర్: ఫోటో కింద

దయామణి నాకు యారాలు. మా మరిది యేసుపాదం భార్య. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. కౌకూర్‌లో ఉంటారు. పెళ్లికి ముందు దయ యాప్రాల్‌లో ఒక మిలిటరీ ఆఫీసర్ ఇంట్లో పనిచేసేది. ఆ ఆఫీసర్‌కు కొండల్లోకి బదిలీ అయితే పసిపిల్లను చూసుకోవడానికి దయను కూడా వెంట తీసుకెళ్లారు. రెండు చలికాలాలు అక్కడే ఉండి వచ్చింది. దానికి గుర్తు ఒక ఫోటో. ఎర్ర స్వెట్టర్, మోకాళ్ల దాకా మంచు, చంకలో పిల్ల, నోరంతా తెరిచి నవ్వు. ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించింది.

ప్రతి నెలా వాళ్లింట్లో కుటుంబ ప్రార్థన ఉంటుంది. పెద్దకోడలినని నన్ను గోడకు ఆనించి కూర్చోబెడతారు. ఆ గోడకే ఆ ఫోటో. నేను లేచి సాక్ష్యం చెబుతుంటే జనం కళ్లు నా మొహం మీద నిలవవు, నా తల మీదుగా పైకి పోతాయి. నా మోకాళ్ల నొప్పి గురించి చెప్పుకున్నా, కారుతున్న నా ఇంటి రేకుల గురించి చెప్పుకున్నా, చివరకు ఎవరో ఒకరు అడుగుతారు: "దయా, గది నిజం మంచేనా? పట్టుకుంటే సల్లగుంటదా, కాలుతదా?" ఇక మాట అక్కడే తిరుగుతుంది. పద్దెనిమిదేళ్లు ఆ ఫోటో కింద కూర్చున్నాను నేను.

మంచు ఒక్కటే అయితే ఓర్చుకునేదాన్నేమో. దానికి మొగుడు కూడా ఉన్నాడు. ప్రార్థన అయ్యాక టీ గ్లాసులు యేసుపాదమే ఎత్తుతాడు. "నువ్వు కూసో దయా, కాళ్లు గుంజుతున్నయన్నవు గద" అంటాడు, నా ముందే. నా కాళ్లు గుంజవా? ఎవరితో చెప్పుకోను?

శామీర్‌పేట: బూట్ల సైజులు

నేను ప్రణీత మేడం ఇంట్లో వంట చేస్తాను, దయ ఆ పక్క విల్లాలో. దసరా దాటినప్పటి నుంచే నాలుగు కుటుంబాలవాళ్లు మేడం ఇంట్లో చేరి స్కీ సెలవులకు ప్లాన్ వేయడం మొదలుపెట్టారు. మొత్తం పదమూడు మంది. మేడం గోడకు ఒక పెద్ద కాగితం అంటించారు. ఏ రోజు ఎవరు నేర్చుకోవాలి, ఎవరికెంత పొడుగు పలక, ఎవరి పాదం ఎంత, పడితే ఏ మందు రాయాలి, అన్నీ రంగు పెన్నులతో గడులు గీసి రాశారు. పెళ్లిళ్లకు కూడా ఇంత లెక్క వేయరు.

మేడం అత్తగారికి డెబ్బై ఆరేళ్లు. మేమంతా పెద్దమ్మ అంటాం. ఆవిడ పాదం కూడా కొలిచారు.

"నాకు దేనికే జారుడు? బాత్రూంల జారితేనే ఆర్నెల్లు మంచం మీదున్న" అంది పెద్దమ్మ.

"ఫోటో కోసం అత్తయ్యా, జస్ట్ నిలబడండి చాలు" అన్నారు మేడం.

నేను మిర్చి బజ్జీల ప్లేటు పట్టుకుని అక్కడే నిలబడి పదమూడు మంది పాదాల సైజులూ విన్నాను. పసిపిల్లల పాదాలు కూడా అడిగారు. నా పాదం ఎవరూ అడగలేదు.

పెద్దమ్మకు రెండు పూటలా అన్నం పడాలి. రొట్టె ముట్టదు. అందుకే వంటిల్లు ఉన్న కాటేజీ ఒకటి మొత్తంగా మాట్లాడుకుని, వంటమనిషిని తీసుకెళ్లాలనుకున్నారు. టెంపో బండిలో మిగిలింది ఒక్క సీటు.

"దయామణికి చలి అలవాటు కదా, తనైతే బెటరేమో" అన్నారు మేడం. నా వైపు తిరిగి, "నువ్వేమంటావు రూతమ్మా? మీ యారాలేగా" అన్నారు.

నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో చెప్పమంటే చెప్పలేను. వచ్చింది.

"దయకు ఆయాసం మేడం. సలికి ఊపిరాడదు. బయటికి చెప్పుకోదు, పాపం."

పాపం అని కూడా అన్నాను. దయకు జలుబు చేయడం కూడా నేనెప్పుడూ చూడలేదు.

"అయ్యో, నాకు తెలియదే. అడిగి బాధపెట్టడం ఎందుకులే, నువ్వే రా" అని మేడం కాగితం చివర నా పేరు రాశారు. పాదం గడి ఖాళీగా వదిలేశారు.

రెండో రోజు సాయంత్రం దయ నా గుమ్మంలో ఉంది. చేతిలో కుక్కర్, పెద్దది, పది లీటర్లది.

"అక్కా, నిన్నే తీస్కపోతున్నరంట! నాకు మస్తు సంబురమైంది. ఇగో, గీ కుక్కర్ తీస్కపో. గంత ఎత్తుల గిన్నెల అన్నం ఉడకదు."

"ముప్పై ఏండ్ల సంది గంజి వార్చి వండుతున్న నేను. నాకు నేర్పుతున్నవా?" అన్నాను.

నా వంట గురించి ఒక మాట చెప్పాలి. వంద మందికైనా నేను తపేలాలోనే వండుతాను. కుక్కర్ అన్నం నా లెక్కలో అన్నమే కాదు, ముద్ద. మెతుకు నొక్కి చూసే అలవాటు కూడా లేదు నాకు. ఎసరు చప్పుడు వింటే చాలు. గలగల తగ్గి గుసగుసలోకి దిగిందా, మసిబట్ట పట్టి వార్చేయడమే. మెతుకుకు మెతుకు అంటదు. మేడ్చల్ దాకా నాకున్న పేరు అదే.

అయినా కుక్కర్ వద్దన్నది అందుకు కాదు. అక్కడ కూడా పొయ్యి మీద దయ వస్తువే కూర్చుంటుంది. ఎవరిదీ కుక్కర్ అని అడుగుతారు. దయది అని నేను చెప్పాలి. ఆ కొండ మీదన్నా దాని పేరు లేకుండా నాలుగు రోజులు బతుకుదామనుకున్నాను.

"ఇమానంల బరువు ఎక్కువైతదంట, వద్దు" అన్నాను.

"సరే అక్కా. నీ ఇష్టం" అని, కుక్కర్ మళ్లీ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. గేటు దగ్గర యేసుపాదం బండి స్టార్ట్ చేసుకుని ఉన్నాడు. కుక్కర్‌ను మధ్యలో పెట్టుకుని ఇద్దరూ వెళ్లారు.

మేడ్చల్: స్వెట్టర్ల ఆమె

చలికాలంలో మేడ్చల్ రోడ్డు పక్కన నేపాల్ నుంచి వచ్చినవాళ్లు తాళ్లు కట్టి స్వెట్టర్లు వేలాడదీస్తారు. అక్కడికి వెళ్లాను. ఎర్రది అడిగాను. ఎర్రది ఎందుకో మీకు తెలుసు.

అమ్మే ఆమె నా వయసుదే. పదేళ్లుగా ఇక్కడికి వస్తోందట, తెలుగు కలిపి హిందీ మాట్లాడుతుంది. ఎక్కడికి వెళుతున్నావని అడిగింది. మనాలి పైకి అని గొప్పగా చెప్పాను. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"అమ్మా, ఇది మీ ఊరి సలికి. అక్కడ దీన్ని బనీను అంటరు."

ఆరు వందలు చెప్పి, నాలుగు వందల యాభైకి ఇచ్చింది. ఇస్తూ, "మంచు మస్తుంటది రెండు దినాలు. మూడో దినం నుంచి నీళ్లు గడ్డకడతయ్, గిన్నెలు తోముడు నీకే తెలుస్తది" అంది. ఆ మాటకు వాళ్ల ఊరి మీద కూడా నాకు కుళ్లు పుట్టింది. మంచులో పుట్టి, దాన్ని విసుక్కోగలిగేంత మంచు చూసింది ఆమె.

కొండదారి

విమానం గురించి ఏం చెప్పను? కిటికీ పక్క సీటు పిల్లలది. చండీగఢ్‌లో దిగి టెంపో ఎక్కాం. అక్కడి నుంచి పొద్దుపోయేదాకా ఎక్కడమే. ఒక పక్క కొండ, ఒక పక్క నది. నది నీళ్లు నీలంగా, ఇప్పుడే బట్టలకు నీలిమందు కలిపినట్టున్నాయి.

మధ్యాహ్నం ఒక ధాబాలో ఆగాం. రాజ్మా అని పెద్ద పెద్ద ఎర్ర గింజల కూర, అన్నం. ప్లేటు నూట ఎనభై. గింజ నోట్లో వెన్నలా కరిగింది. అన్నం మాత్రం పుల్లలు పుల్లలుగా ఉంది. వీళ్లకు వండడం రాదనుకుని లోపల సంతోషపడ్డాను. పెద్దమ్మ రెండు ముద్దలు తిని చేయి కడుక్కుంది. "రేపు నీ చేతి అన్నం తింట తియ్ రూతమ్మా" అంది.

దారిలో ఆడవాళ్లు గడ్డిమోపులు, కట్టెలు వీపుకు కట్టుకున్న గంపల్లో మోస్తున్నారు. మనం నెత్తిన మోస్తాం. వాళ్ల చేతులు ఖాళీ. ఆ ఖాళీ చేతులతో నడుస్తూనే ఊలు అల్లుతున్నారు. ఒక్క చేయి కూడా ఊరికే ఉండదు ఆ దేశంలో.

సోలంగ్, మొదటి రోజు

పొద్దున్నే తలుపు తీశాను. మంచు.

నాకు కోపం వచ్చింది. నిజంగానే. ఆ ఫోటోలో ఉన్నది ఏమీ కాదు. గోడలు, చెట్లు, దారి, బండి, అన్నిటి మీదా ఒకే తెలుపు, చప్పుడు లేదు. ఆ తెలుపులోంచి నీలం తొంగి చూస్తోంది. ఇంత ఉంటుందని దయ ఒక్కనాడైనా చెప్పిందా? సల్లగుంటది అక్కా, అంటుంది. అంతే. ఇంత చూసి, అంత చిన్న మాటలో దాచుకుంది.

అందరూ కాగితం ప్రకారం జారడానికి బయలుదేరారు. దారి పొడుగునా కొట్లలో మంచు బట్టలు కిరాయికి ఇస్తారు. బూట్లతో కలిపి మూడు వందలు. ఒకరు విడిచినవి మరొకరికి, తడి కూడా ఆరనివ్వరు. మైదానంలో మ్యాగీ ఎనభై, టీ నలభై. బొచ్చు గేదెల్లాంటి యాక్‌ల మీద ఎక్కించి ఫోటోలు తీస్తున్నారు. కుందేలును చేతిలో పెట్టి ఫోటో తీసి డబ్బులు అడుగుతున్నారు.

ఇక మావాళ్లు. మూడు నెలలు ప్లాన్ వేసిన మేడం నిలబడిన చోటే కూర్చుండిపోయారు. సార్ పది గజాలు జారి ఒక పెళ్లిజంట మీద పడ్డారు. నేర్పే మనిషి, నలభై ఏళ్లుంటాయి, మీసాల మీద మంచు, "మోకాళ్లు వంచండి, మోకాళ్లు" అని అరుస్తూనే ఉన్నాడు. నేను ఫ్లాస్కు, బ్యాగులు, ఏడుగురు విడిచిన బూట్లు కాపలా కాస్తూ నిలబడ్డాను. వాళ్లు పడుతుంటే నవ్వు రాలేదు నాకు. పడడానికైనా కాళ్లకు పలకలు ఉండాలి కదా.

కాటేజీ చూసుకునే వాళ్లింటి కోడలు పేరు బిమల. మధ్యాహ్నం తన వంటింట్లోకి పిలిచింది. మధ్యలో ఇనుప పొయ్యి, దాని గొట్టం పైకప్పులోంచి బయటికి పోతుంది. ఇంటిల్లిపాదీ దాని చుట్టే. నాకు సిద్దు పెట్టింది. గోధుమపిండి పులియబెట్టి, లోపల అక్రోటు ముద్ద పెట్టి ఆవిరికి ఉడికించి, పైన చేతినిండా నెయ్యి. మన కుడుముకు అక్క.

"నువ్వు జారతావా ఆ పలకల మీద?" అని హిందీలో అడిగాను. మన హిందీ ఆమెకు సగం తెలిసింది.

"నీళ్లు తేవడానికి వెళ్లి రోజూ జారుతూనే ఉంటాను. నాకెవరూ ఫోటో తీయరు" అంది. నా కుళ్లు ఆమె దగ్గర కాస్త తగ్గింది.

రెండో రోజు: పలుకు

మొదటి రోజంతా బయట కొన్న తిండితో గడిచింది. రెండో రోజు నా వంట. మధ్యాహ్నానికి అన్నం, పప్పు, ఆలుగడ్డ వేపుడు, మేడ్చల్ నుంచి తెచ్చిన మామిడికాయ తొక్కు. పెద్దమ్మ పొద్దున్నుంచీ ఆకలిమీద ఉంది.

ఎసరు పెట్టాను. ఇంటి దగ్గరకంటే జల్దీ మసిలింది. మా పొయ్యికంటే మంచి పొయ్యి అనుకున్నాను. బియ్యం పోశాను. గలగల వచ్చింది, తగ్గింది, గుసగుస వచ్చింది. మసిబట్ట పట్టి మొత్తం గంజి వార్చేశాను, ముప్పై ఏళ్లుగా వార్చినట్టే. మూత తీసి గరిటె పెట్టాను. ప్రతి మెతుకు లోపలా తెల్లటి సూది. పలుకు. వార్చాక ఇంకేం చేయాలి? మళ్లీ నీళ్లు పోసి పెట్టాను. పైన గుజ్జయింది, లోపల పలుకు అలాగే ఉంది. పప్పు సంగతి చెప్పను. రెండు గంటలైనా గింజ గింజగా నీళ్లలో ఈదుతోంది.

అందరూ చలికి వణికి, ఆకలితో వచ్చి కూర్చున్నారు. పెద్దమ్మ ఒక ముద్ద పెట్టుకుంది. కరకర చప్పుడు నాకు వినిపించింది.

"బియ్యం మరిచిపోయి రాళ్లు తెచ్చినవా ఏందే?" అంది.

పిల్లలు నవ్వారు. మేడం నవ్వలేదు. "ఇంకా రెండు రోజులున్నాం రూతమ్మా. అత్తయ్య షుగర్ పేషెంట్. తినకపోతే ఎలా?" అని ఫోన్ తీశారు. "దయామణిని అడుగుదాం. తను ఇలాంటి చోట ఉందిగా."

"వద్దు మేడం. అది పనిల ఉంటది. నేనే చూస్త."

"రెండు నిమిషాలే." స్పీకర్ పెట్టారు. మోగింది. దయ ఎత్తింది.

"దయా, ముందు చెప్పు, నీ ఆయాసం ఎలా ఉంది?"

మసిబట్ట లేకుండా వేడి గిన్నె అంచు పట్టుకున్నానని నాకే తెలియలేదు.

"ఆయాసమా? ఎవరు చెప్పిన్రు మేడం?"

"రూతమ్మే. నీ గురించి ఎంత బాధపడిందో. నిన్ను పిలవనందుకు ఏమనుకోకు."

ఇక అయిపోయింది అనుకున్నాను. ఇంతమంది ముందు, స్పీకర్లో, నా అబద్ధం బయటపడుతుంది. సీటు కోసం ఆడిన మాట, అన్నమూ రాలేదు, పరువూ పోయింది.

"ఆ... ఉండె మేడం" అంది దయ. "ఇప్పుడు నయమే. అక్కకు ఇయ్యుండ్రి ఫోను."

ఫోన్ తీసుకున్నాను. స్పీకర్ ఎలా తీయాలో నాకు రాదు. అందరూ వింటూనే ఉన్నారు.

"అక్కా, ఆడ ఎసరు మసులుతది గని దాంట్ల కాక ఉండదు. సప్పుడు ఇని వార్చకు. బియ్యం గంటసేపు నానబెట్టు. మెతుకు నొక్కి సూడు. పప్పు ముందు దినమే నానెయ్యి. ఆడ ఎవరింట్లనన్న కుక్కర్ ఉంటది, పోయి అడుగు. సిగ్గువడకు. నా ఆయాసం గురించి ఫికర్ జెయ్యకు అక్కా."

పెట్టేసింది.

నన్ను తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఎదురు తిట్టడం నాకు బాగా వచ్చు. అది తిట్టలేదు. మంచు దానికే, మొగుడు దానికే, చివరికి మంచితనం కూడా దానికేనా? నాకేం మిగిల్చింది దేవుడు? బిమల ఇంటికి వెళ్లి చేయి చాచి కుక్కర్ అడిగాను. పిడి విరిగి తాడు కట్టిన కుక్కర్. ఆ పూట అన్నం మెత్తగా, ముద్దగా వచ్చింది. పెద్దమ్మ మూడుసార్లు పెట్టించుకుంది. ప్రతిసారీ, "దయ మంచిగ చెప్పింది" అంది.

మూడో రోజు: పెద్దమ్మ బూట్లు

పెద్దమ్మ దుప్పట్లోంచి బయటికి రానంది. "నా బూట్లు, గా చెక్కలు ఊకెనే పడున్నయ్. కిరాయి ఇచ్చినం గద. నువ్వు తొడుక్కోయే రూతమ్మా" అంది. మేడం ఒప్పుకున్నారు.

చీర విప్పకుండా పైన మంచు బట్టలు వేసుకున్నాను. చీర మొత్తం నడుము దగ్గర గుండ్రంగా చేరింది, లోపల బియ్యం మూట కట్టుకున్నట్టు. నేర్పే మనిషి నన్ను చూసి నవ్వలేదు, ఆ సంగతి చెప్పుకోవాలి. "అమ్మాజీ, కొండను చూడొద్దు, నన్ను చూడండి" అన్నాడు. చేయి వదిలాడు.

జారాను. ఎంతదూరం అంటే మా ఇంటి గుమ్మం నుంచి కుళాయి దాకా. అంతే. కానీ ఆ కాసేపు కాళ్లు నావి కావు, మోకాళ్ల నొప్పి లేదు, నేనెవరి పెళ్లాన్నీ కాదు, ఎవరి యారాలినీ కాదు. తర్వాత మొహం మంచులో ఉంది. నోట్లో మంచు రుచి ఏమీ లేదు.

మేడం ఫోటో తీసి నా ఫోన్‌కు పంపారు. ఎర్ర స్వెట్టర్ లోపల ఉండిపోయింది, కనిపించలేదు. అయినా సరే, పిల్లల చేత దయకు పంపించాను. చూసి కుళ్లుకోనీ అనుకున్నాను. అరగంటకు గొంతు మెసేజ్ వచ్చింది. "సూపర్ అక్కా! నేను గంతకాలముండి కూడా చెక్కలెక్కలే!" వెనకాల యేసుపాదం గొంతు: "వదినె మస్తుగున్నవ్!"

రెండు గొంతులూ పక్కపక్కనే వచ్చాయి. ఒకే ఫోన్ మీద ఇద్దరూ తలలు వంచి చూశారన్నమాట. నా ఫోటోను వాళ్లిద్దరూ చూశారు. నేను ఒక్కదాన్నే చూసుకున్నాను.

మచ్చబొల్లారం: బల్ల

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇస్తారు. రొట్టె, ద్రాక్షరసం. తోటివాళ్ల మీద మనసులో ఏదైనా పెట్టుకుని బల్ల ముట్టకూడదు. ముందు వెళ్లి సరిచేసుకోవాలి. ఫిబ్రవరిలో పళ్లెం నా ముందుకు వస్తే పక్కకు జరిపాను. మార్చిలోనూ జరిపాను. ఆ జరపడం దయ చేతిలోకే, ఎందుకంటే అది నా పక్కనే కూర్చుంటుంది. ఏప్రిల్‌లో కూడా జరిపేసరికి వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయి. వితంతువు మూడు నెలలు బల్ల ముట్టకపోతే జనం ఏమేమో ఊహిస్తారు.

బయటికి వచ్చాక దయ నా చేయి పట్టుకుంది.

"అక్కా, మూడు నెలలాయె. నా మీదనే గద?"

"నీ మీద ఏముంటదే?"

"మరి నేనేమన్న అన్ననా నిన్ను?"

"నువ్వేమనకపోవుడే గద నాకు మంట!" అన్నాను. చెప్పుల దగ్గర ఉన్నవాళ్లు తిరిగి చూశారు. "ఒక్క మాట అడగవైతివి. ఎందుకు చెప్పినవ్ అబద్ధం అని కొట్లాడవైతివి."

దయ చెప్పుల్లోకి కాళ్లు పెట్టుకుంటూ నిలబడింది. "అడిగితే ఏం చెప్తుంటివి?" అంది మెల్లగా. "నేను గా దినం ఏడ్వలేదనుకుంటున్నవా? ఆయనకు కూడా చెప్పలే. నీ పరువు పోతదని. మస్తు కోపముండె అక్కా. ఇప్పటికీ ఉన్నది."

కోపముందని విన్నాక నాకు కాస్త ఊపిరి ఆడింది.

శామీర్‌పేట: కొత్త కాగితం

దసరా దాటింది. మేడం మళ్లీ గోడకు కాగితం అంటించారు. అదే సోలంగ్, అదే కాటేజీ. "రూతమ్మా, ఈసారి కూడా నువ్వే. ఇప్పుడు అన్నీ తెలుసుగా నీకు" అన్నారు. పెన్ను కాగితం మీద పెట్టారు.

వెళ్లాలని ఉంది. ఎంత ఉందో చెప్పలేను. ఊరుకుంటే చాలు, సీటు నాది.

"మేడం, దయకు ఆయాసం లేదు. ఎన్నడూ లేదు. నేనే చెప్పిన అబద్ధం."

మేడం పెన్ను తీసేశారు. "ఎందుకలా?"

"కడుపుమంట మేడం. ఇంకేం లేదు."

మేడం మొహం ఎర్రబడింది. ఏదో అనబోయారు. సోఫాలోంచి పెద్దమ్మ అందుకుంది: "ఉన్నమాట చెప్పింది వదిలెయ్యవే. మా యారాలు కొత్త ఇంట్ల పాలు పొంగిచ్చిన దినం నాకు జరం అని ముసుగుతన్ని పండుకున్న నేను."

మేడం ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం పిల్లల చేత చదివిస్తే కాగితం చివర దయ పేరు ఉంది. పక్కన పాదం గడిలో అయిదు అని అంకె. పోయినసారి వంటమనిషి కూడా జారింది కదా, ఈసారి వంటమనిషికి కూడా బూట్లు లెక్కలో పెట్టారట. నేను పడి లేచి వేసిన దారి, నడిచేది దయ. నెలంతా మండింది నాకు. అయినా నవంబరులో, సోలంగ్ నుంచి వచ్చాక మొదటిసారి, బల్ల తీసుకున్నాను.

నిన్న దయ వచ్చింది, నోటుబుక్కు పట్టుకుని. దానికి పదో తరగతి దాకా చదువు. బియ్యం ఎంత, తొక్కు ఏ డబ్బాలో, బిమల ఇల్లు ఎటు, సిద్దు ఎలా అడగాలి, గిన్నెలకు వేడినీళ్లు ఎక్కడ, అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను. ఒక్కటి దాచలేదు, ఒక్కటి తప్ప.

ఆ కాటేజీ వంటింటి వెనక చిన్న కిటికీ ఉంది. పొద్దున టీ పెట్టే వేళ, ఇంకా అంతా నిద్రలో ఉండగా, ఎదురు కొండ కొన మీద ఒక్క చోట చింతనిప్పు పడ్డట్టు ఎర్రబడుతుంది. కిందంతా చీకటి నీలం. టీ ఒక్క పొంగు పొంగేంతసేపే ఉంటుంది. తర్వాత మామూలు తెలుపు. మూడు పొద్దులు చూశాను నేను, ఒక్కదాన్నే. మేడంకు తెలియదు, బిమల అటు చూడదు. ఇది అచ్చయ్యేసరికి దయ వెళ్లి వచ్చేసి ఉంటుంది, అందుకే మీకు చెబుతున్నాను.

దయ నోటుబుక్కు మూసి లేచింది. గేటు బయట యేసుపాదం హారన్ కొట్టాడు.

"ఇంకేమన్న మర్శినవా అక్కా?"

"ఏం మరువలే, పో" అన్నాను.